బావ లేని ఫ్రాన్సు

మా వెంకట్రాజం సారుకు ఈ భూమ్మీద పరాయి మనిషి ఇంతవరకూ దొరకలేదు. ఎవరు ఎదురుపడితే వాళ్ళతో వరుస కలిపేస్తారు. బస్సులో పక్క సీటులో కూర్చున్నవాడు కాజీపేట దాటేలోపు ఆయనకు తమ్ముడో, మేనల్లుడో, వియ్యంకుడో అయి తీరాలి. మడికొండ ఐటీ పార్కు దగ్గర దిగాల్సిన ఒక కుర్రాడు, వరుస తేలకముందే స్టేజీ వచ్చిందని, తేల్చుకునే దిగుదామని ఘన్‌పూర్ దాకా పోయిన సంగతి నాకు తెలుసు. ఆ రోజు వాడి ఆఫీసు సంగతి ఏమైందో మాత్రం తెలియదు.

ఆయన మాకు హనుమకొండలో ఒక పీజీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. ఎండాకాలం, వానాకాలం అని లేదు, నెత్తిన మంకీ క్యాప్ ఉండాల్సిందే. చెవులు చల్లబడితే ఆలోచన గడ్డకడుతుందని ఆయన నమ్మకం. వరుస కలిపే పద్ధతి కూడా పాఠం చెప్పినట్టే ఉంటుంది. ముందు "మీదే ఊరు" అని అడుగుతారు. తర్వాత "అమ్మగారి దిక్కు ఏ ఊరు" అంటారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళ పేర్లన్నీ చదువుతారు. ఎంతటివాడైనా ఎక్కడో ఒక పేరు దగ్గర "ఆఁ, తెలుసు" అనక తప్పదు. అన్నాడా, చుట్టమైపోయాడు.

అన్ని వరుసల్లోకీ ఆయనకు ప్రాణం బావ వరుస. ఎందుకంటే బావను ఆటపట్టించవచ్చు. "అన్నను అంటె తప్పు, మామను అంటె పాపం, బావను అనకుంటె పాపం" అని ఆయన సిద్ధాంతం. ఒకసారి చౌరస్తాలో హెల్మెట్ లేదని కానిస్టేబుల్ ఆపాడు.

"హెల్మెట్ ఏది సార్?"

"టోపీ ఉన్నది గద. నీదే ఊరు తమ్మీ?"

"రాయపర్తి."

"మా అత్తగారి ఊరు పక్కపొంటే. గట్లయితె నువ్వు నాకు బావవు. బావా, గా సీటీ ఎప్పటి సంది ఊదుతానవు, బుగ్గలు పూరీల లెక్క పొంగినయి."

చలాన్ రెండు రకాలుగా పడింది, హెల్మెట్‌కు ఒకటి, ఇంకొకటి దేనికో కానిస్టేబుల్ చెప్పలేదు. సారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "బావ గద, గా మాత్రం కోపముండాలె" అని మురిసిపోయారు.

ఇక నా సంగతి. నా పేరు గ్రేస్. మా నాయన పౌలుకు కొత్తవాడలో జంపఖానాల దుకాణం, పైగా చర్చిలో సంఘపెద్ద. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా వాడలో లేరు. ఆయన "ఏమ్మా" అంటే నా నాలుక అంగిట్లోకి పోయి దాక్కునేది. ఆయనొక్కడే కాదు, పెద్దనాయన, చిన్నాయన, మేనత్తలు, ఆ తరపువాళ్ళు ఎవరి ముందూ నాకు మాట పెగలదు. కాలేజీలో లెక్చరర్లందరూ నాకు నాయన తరపు వాళ్ళలాగే కనిపించేవారు. మార్కులు బాగానే వచ్చేవి, కాగితం నన్ను కళ్ళజోడు పైనుంచి చూడదు కాబట్టి.

ఆ ఏడు ఫ్రాన్సులోని లియోన్ నగరం నుంచి కాలేజీకి పిలుపు వచ్చింది. ఫ్రెంచి రాజకీయ చింతన మీద మూడు వారాల విద్యార్థి సెమినార్. ఖర్చంతా వాళ్ళదే. ఇద్దరు విద్యార్థులు, తోడుగా ఒక సారు. మార్కుల్ని బట్టి నేను, రాకేష్ తేలాం, తోడుకు వెంకట్రాజం సారు. సెమినార్‌కు ఒకటే షరతు. చివరి రోజు అందరి ముందూ నిలబడి మాట్లాడాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. చెప్పనివాళ్ళకు సర్టిఫికెట్ లేదు.

నన్ను పంపమని అడగడానికి సారు మా ఇంటికి వచ్చారు. నాయన కుర్చీ చూపించి, ముందే గేటు వేశాడు. "మేము చర్చికి పోయేటోళ్ళం సారు. మీ వరుసలు మా కాడ నడువయి."

"నడువకపాయె. మీ ఇంటామెది ఏ ఊరు?"

"నెక్కొండ."

మంకీ క్యాప్ మధ్యలో సారు ముఖం వెలిగింది. "మా చిన్నమ్మ నెక్కొండల్నే ఉన్నది. గట్లయితె మీ ఇంటామె నాకు వయసుకు చిన్నదైనా వరుసకు అక్క. అక్క మొగడు నాకేమయితడు?"

నాయన పలికేదాకా ఆగే మనిషి కాదు సారు.

"బావా, గా మీసాలు సొంతమేనా, దుకాణంల మిగిలిన నూలా?"

ఇంట్లో ఫ్యాన్ కూడా జంకినట్టు నెమ్మదించింది. మా అమ్మ దీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. నాయన చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. ఆయనను ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు, కాబట్టి ఏం చెయ్యాలో కూడా ఆయనకు తెలియలేదు. చాయ్ తెమ్మన్నాడు.

అదే వేళకు నెక్కొండ నుంచి మా మేనమామ జాన్సన్ వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. మేనమామ దొరికితే నేను ఊరుకునే రకం కాదు. కాలేజీ ముచ్చట్లు, రాజ్యాంగం ముచ్చట్లు, రాకేష్ గాడి చేతిరాత ముచ్చట, ఏదీ వదలకుండా లొడలొడా వాగుతున్నాను. మామ మధ్యలో "జర ఊపిరి పీల్చుకోవే" అంటున్నాడు. నీళ్ళ కోసం గుమ్మం దాకా వచ్చిన సారు అక్కడే ఆగిపోయారు. ఒక చెవి మీది టోపీని పైకి జరిపి విన్నారు. ఆ టోపీ జరగడం నేను చూడటం అదే మొదటిసారి. నీళ్ళు తాగి వెళ్ళి కూర్చున్నారు.

నాయన చివరికి ఒప్పుకున్నాడు, తన షరతుతో. "పంపుత. నలుగుట్ల మాట్లాడి సర్టిఫికెట్ తెస్తె లెక్చరర్ అయితదో ఏమయితదో కానియ్యి. నోరు తెరువకుంట వస్తె మాత్రం చదువు బందు. దుకాణంల జంపఖానాలు మడత పెట్టుకుంట కూసోవాలె. దానికి నోటితోని పని లేదు."

లెక్చరర్ కావాలని నాకెంత ఆశంటే, దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆ జంపఖానాల దొంతరకే పాఠం చెప్పుకునేదాన్ని. అవి బుద్ధిగా వినేవి. ఇప్పుడు వాటి మధ్యే కూలబడాల్సి వస్తుందేమోనని నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

వెళ్తూ వెళ్తూ సారు మా దుకాణంలో ఒక నీలంచారల జంపఖానా కొన్నారు. ఫ్రాన్సుకు తీసుకుపోవడానికట. "ఆడ కుర్చీలుంటయి సార్" అన్నాడు దుకాణం దగ్గర కలిసిన రాకేష్.

"కుర్చీల మీద వరుస కలువది రా. ఒకడు ఎత్తుల కూసుంటడు, ఒకడు పల్లంల కూసుంటడు. కిందికి వస్తెనే మనుషులు సమానమయ్యేది."

ఫ్రాన్సులో మనుషులు ఎదురుపడితే "సా వా" అనుకుంటారు. అంతా బాగేనా అని దానర్థం. ఈ సంగతి మేం చదువుకున్నాం గానీ మా చెవులు చదువుకోలేదు. సామాన్లు మోసుకుంటూ హాస్టల్ గేటు దాటామో లేదో, ఒక కుర్రవాడు నవ్వుతూ "సా వా" అన్నాడు. సారు ఉలిక్కిపడ్డారు.

"రాకేషూ, గీ పోరడు నన్ను బావా అన్నడా?"

"అన్నట్టే ఉన్నది సార్."

ఇంకొకతను వచ్చాడు. "సా వా." వంటమనిషి కిటికీలోంచి, "సా వా." ఒక దేశం దేశమే వచ్చి మా సారును బావా అని పిలుస్తోంది. ఇక ఫ్రాన్సు పని అయిపోయిందనుకున్నాను. సారు నోరు తెరిచారు. అంతలో, ఎందుకో, వెనక్కి తిరిగి నా వైపు చూశారు. సూట్‌కేసు వెనకాల నక్కి నిలబడి ఉన్నాను. ఆయన నోరు మూసుకుపోయింది.

"సా వా అన్నడు. బావ కాదు" అని సామాను ఎత్తుకున్నారు.

మా ప్రొఫెసర్ పేరు జెరోమ్. సారు నోట్లో పడి మొదటి రోజే జయరాం అయ్యాడు. మనిషి మంచివాడే గానీ కళ్ళజోడు పైనుంచి చూస్తాడు, అచ్చం మా నాయనే. ఎండలు మండిపోతుంటే మెడకు మాత్రం ఉన్ని మఫ్లర్. దాన్ని చూడగానే సారు పెదవులు కదిలాయి. ఏదో మాట బయలుదేరి, గొంతు దాకా వచ్చి, గుటుక్కున లోపలికి పోయింది. దాని బదులు, "మీ అమ్మగారిది ఏ ఊరు" అని ఇంగ్లీషులో అడిగారు.

జెరోమ్ ఆశ్చర్యపోయాడు గానీ చెప్పాడు. ఈ ఊరేనట. అమ్మమ్మ వాళ్ళు పట్టు నేసేవాళ్ళట.

రాకేష్ ఎగిరి గంతేశాడు. "సార్, నేతోళ్ళంటె కొత్తవాడ. కొత్తవాడ అంటె గ్రేస్ వాళ్ళ నాయిన దిక్కు. ఇగ డౌటేంది, మీకు బావ."

సారు ఆ మఫ్లర్ వైపు చాలాసేపు చూశారు. "కాదు. తమ్ముడు" అన్నారు.

"ఎట్ల సార్?"

"చిన్నప్పుడు మా అమ్మ గీనకు పాలు తాపింది."

"ఈన పుట్టింది ఫ్రాన్సుల సార్."

"అందుకే గీనకు యాది లేదు."

అక్కడి నుంచి మొదలైంది. హాస్టల్ చూసుకునే కొలెత్ అనే ఆవిడ ఆలస్యంగా వచ్చినవాళ్ళ మీద కేకలేసేది. ఆమె కళావతక్క అయింది. వంటమనిషి చెల్లె. గేటు దగ్గరి ముసలాయన చిన్నాయన. సాయంత్రం కాగానే హాస్టల్ ముందు గడ్డి మీద జంపఖానా పరిచి, వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి, అన్నలు తమ్ముళ్ళు అక్కలు చెల్లెండ్లుగా పంచిపెట్టేవారు. బావ మాత్రం ఒక్కడూ లేడు. రాకేష్‌కు దిగులు పట్టుకుంది.

"సార్, గింత దేశంల మీకు ఒక్క బావ దొరకలేదా?"

"లేడు రా. ఎంత గాలించినా లేడు" అన్నారు సారు, ఉపవాసం నాడు మిర్చీబజ్జీల బండి పక్కనుంచి నడిచిపోయేవాడి మొహంతో.

పాఠాలు మాత్రం భలేగా ఉండేవి. అధికారమంతా ఒకడి చేతిలో ఉండకూడదు, మూడుగా విడదీయాలి అని జెరోమ్ చెప్పిన రోజు సారు చెయ్యెత్తారు. "మా ఇంట్ల ఎప్పటి సందో గట్లనే ఉన్నది. మా ఇంటామె చట్టం చేస్తది, నేను అమలు చేస్త, మా అమ్మ కొట్టేస్తది." క్లాసంతా నవ్వింది. జెరోమ్ నవ్వకుండా రాసుకున్నాడు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడు మాటలు చెప్పిన రోజు మాత్రం అతనే కాస్త దిగులుగా మాట్లాడాడు. మొదటి రెండింటికీ చట్టాలు రాశామనీ, మూడోదాన్ని గోడల మీద రాసుకోవడమే తప్ప దాన్ని ఎలా పుట్టించాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదనీ అన్నాడు. నా మనసులో గంట మోగింది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

సారు నాతో చెప్పే కబుర్లు వేరే రకంగా ఉండేవి. "ఇగో గ్రేసు, మీ పెద్దమ్మ రొట్టె పంపింది. గోడ కన్న గట్టిగున్నది, చాయ్‌ల నానబెట్టుకొని తిను." "మీ మేనమామకు ఇయ్యాల పడిశం పట్టింది, క్లాసు మెల్లగ చెప్తడు." పెద్దమ్మంటే కొలెత్ అనీ, మేనమామంటే జెరోమ్ అనీ అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది. ఈ మనిషికి ముదిరిందిరా దేవుడా అనుకున్నాను. కానీ రోజూ చెవిలో పోస్తే ఏ మాటైనా ఎక్కుతుంది. ఒకరోజు కొలెత్ రొట్టె చేతిలో పెడితే, ఇంత గట్టిగా ఎందుకు చేస్తారు పెద్దమ్మా, మా దగ్గర సర్వపిండి ఇలా చేస్తారు అని మొదలుపెట్టి, గిన్నెకు పిండి ఒత్తడం, వేళ్ళతో బొక్కలు పెట్టడం అన్నీ వివరించి, చల్లారిన చాయ్‌తో గదికి వచ్చాక గుర్తొచ్చింది, అరే, నేను మాట్లాడానే అని.

క్లాసులో మాత్రం మళ్ళీ మూగనే. అలాగే చివరి రోజు వచ్చేసింది.

రాకేష్ మాట్లాడి గట్టెక్కాడు. నా పేరు పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా ముగ్గురు పెద్దలు, నడుమ జెరోమ్. కళ్ళజోడు పైనుంచి చూశాడు. అంతే, నాలుక పాత దారి పట్టింది. నాకు కళ్ళ ముందు మా దుకాణం కనిపించింది, జంపఖానాల దొంతరలు కనిపించాయి, వాటి నడుమ మడతలు పెడుతూ నేను కనిపించాను. ఏడుపు ముంచుకొచ్చింది.

వెనక వరుసలోంచి సారు గొంతు వినిపించింది. గుసగుసగా కాదు, మామూలుగా, మా వంటింటి గుమ్మంలో నిలబడి మాట్లాడినట్టు.

"గ్రేసు, గాయిన మీ అమ్మ తమ్ముడు. గుర్తుపట్టలేదా?"

జెరోమ్ వైపు చూశాను. పడిశం పట్టిన ముక్కు, మఫ్లర్, చేతిలో రుమాలు. నిజమే, ఎవరో మేనమామ లాగానే ఉన్నాడు. ముందు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే మాట వచ్చింది.

మీ మూడో మాటకు మా ఊళ్ళో ఒక పనిముట్టు ఉంది, దాని పేరు వరుస అని మొదలుపెట్టాను. బస్సు సంగతి చెప్పాను, చలాన్ సంగతి చెప్పాను, మా నాయన మీసాల సంగతి కూడా చెప్పేశాను. జెరోమ్ రుమాలు పక్కన పెట్టి అడ్డుపడ్డాడు. చుట్టరికంతో సోదరభావం వస్తుందా? మీ దేశంలో చుట్టరికమంటే కులం కూడా కదా, తమవాళ్ళు కానివాళ్ళను బయట నిలబెట్టడానికే కదా అది? అని ఇంకా ఏదో అనబోతున్నాడు.

"ఆగు మామా, నన్ను చెప్పనియ్యి" అన్నాను. తెలుగులో. చెయ్యి కూడా అడ్డం పెట్టాను.

తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. పుట్టుకతో వచ్చే చుట్టరికం గోడ కడుతుంది, ఒప్పుకుంటాను. మా సారు కలిపేది అది కాదు. ఆయన ఎవరినీ కులం అడగరు, ఊరు అడుగుతారు. ఊరు లేని మనిషి ఉండడు. మేం చర్చికి పోతాం, ఆయన జాతరకు పోతారు, అయినా మా అమ్మ ఆయనకు అక్క. స్వేచ్ఛనూ సమానత్వాన్నీ చట్టం ఇస్తుంది. మూడోది మాత్రం ఎవరో ఒకరు ముందు నోరు తెరిచి "మీదే ఊరు" అని అడిగితేనే పుడుతుంది. ఇంకా చాలా చెప్పాను. టైం అయిందని బెల్లు కొట్టారు. ఇంకోసారి కొట్టారు. మూడోసారి కొలెత్ పెద్దమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

జెరోమ్ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "ఇందాక మీరు నన్ను మామా అన్నారు. మా భాషలో దాదాపు అలాగే పలికే మాటకు అమ్మ అని అర్థం. విద్యార్థులు నన్ను చాలా అన్నారు గానీ, అమ్మా అని ఎవరూ అనలేదు."

"ఎక్కువ దూరం పోలేదు లెండి. అమ్మ తమ్ముడు అన్నాను" అన్నాను.

సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాయనకు ఫోన్ చేశాను.

"నోరు తెరిచినవా?"

తెరిచానని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మధ్యలో ఆయన, "మీ అమ్మకియ్యాల్నా ఫోను?" అన్నాడు. "వద్దు, నీకే చెప్త" అని మిగిలింది కూడా చెప్పాను. అంతా విన్నాక, "సరే తీ. జంపఖానాలు మడత పెట్టనీకి ఇంకో మనిషిని చూసుకుంట" అన్నాడు. గొంతు వింటే నవ్వుతున్నట్టే ఉంది. మీసం అడ్డం కాబట్టి ఒట్టేసి చెప్పలేను.

సాయంత్రం జంపఖానా మీద ముగ్గురం కూర్చున్నాం. రాకేష్ మళ్ళీ పాత పాట ఎత్తుకున్నాడు. "ఇప్పుడన్న నిజం చెప్పుండ్రి సార్. గా జయరాం లెక్క ప్రకారం బావనే గద. ఎందుకు తమ్ముణ్ణి చేసిండ్రు?"

సారు నాలుగు దిక్కులూ చూసి చెప్పారు. "గాయిన నాకు బావ అయితె గ్రేసుకేమయితడు? నాయిన దిక్కోడు. నాయిన దిక్కోళ్ళ ముందట గీ పిల్ల నోరు తెరువది. నాకు తమ్ముడైతె? మేనమామ. మేనమామ ముందట ఆడిపిల్ల నోరు మూయించినోడు మన వరంగల్ల ఉన్నడా? వంటింట్ల నేను చూసిన గద."

"గందుకని అందర్నీ అక్క చెల్లెండ్లను చేసిండ్రా?"

"మరి. ఒక్క బావను పెట్టుకున్నా లెక్క తప్పుతది. ఊరంత నన్ను బావా బావా అంటాండ్రు, నేను చెవుల మీదికి టోపీ గుంజుకొని పండిన. నా గోస పగోనికి గూడ వద్దు."

ఇంత పెద్ద ఫ్రాన్సును నాకోసం అమ్మమ్మగారిల్లు చేసిపెట్టాడు ఈ మహానుభావుడు, తనకు ప్రాణమైన బావలందరినీ వదులుకుని. ఏదో అందామనుకున్నాను. అప్పుడే జెరోమ్ మఫ్లర్‌తో సహా వచ్చి, బూట్లు విప్పి, జంపఖానా మీద కూర్చున్నాడు.

"సా వా?" అన్నాడు.

సారు కదల్లేదు. నా వైపు చూశారు, పలహారం ముందు పెట్టుకుని ప్రార్థన అయ్యేదాకా ఆగిన పిల్లవాడిలా.

"సర్టిఫికెట్ వచ్చింది గద. ఇగ కానియ్యి మామా" అన్నాను.

సారు మోకాళ్ళ మీద లేచారు. మూడు వారాలుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చింది.

"బావా, గింత ఎండల మెడకు మఫ్లరేంది? రాజు తలకాయనే నరికిండ్రు, మీ దేశంల తలకాయలకు గ్యారంటీ లేదని కట్టేసుకున్నవా?"

దాన్ని ఇంగ్లీషులో చెప్పే పని నా మీద పడింది. చెప్పాను. బావంటే ఎవరో, ఆయనను ఎందుకు అనవచ్చో, తిరిగి అనకపోతే వరుస ఎలా చెడిపోతుందో కూడా చెప్పాను. ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళు లేరు కదా. జెరోమ్ సెమినార్ ప్రశ్నలా దాన్ని బాగా ఆలోచించాడు. కళ్ళజోడు పైనుంచి సారు నెత్తి వైపు చూశాడు.

"బా...వా" అని కూడబలుక్కున్నాడు. "మరి నీ తల ఎగిరిపోతుందని పైనుంచి మూత పెట్టుకున్నావా?"

రాకేష్ జంపఖానా మీద దొర్లాడు. సారు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వుకో దేనికో. మంకీ క్యాప్ తీసి జయరాం బావ నెత్తిన పెట్టారు, ఆ మఫ్లర్ విప్పి తన మెడకు చుట్టుకున్నారు. చెవులకు గాలి తగిలినా ఆయన ఆలోచన ఏమీ గడ్డకట్టలేదు. గేటు దాటి వస్తున్న ప్రతివాడినీ చూసి, "సా వా బావా" అని కేకలు మొదలుపెట్టారు.